మేస్త్రీ కాలికి నేను కట్టిన తాడు

జీడిమెట్లలో నేను పనిచేసిన ఫైబర్‌గ్లాస్ యూనిట్‌లో నన్ను ‘తాడు సార్’ అనేవాళ్లు. చాటున కాదు, ముఖం మీదే. దానికి కారణం ఉంది. తొంభైల మొదట్లో నేను చేరేసరికి మా షెడ్డులో ఏ వస్తువూ రెండు రోజులు ఒకచోట ఉండేది కాదు. నీళ్ల ట్యాంకులు, కూలర్ బాడీలు, కెమికల్ ఫ్యాక్టరీలకు గొట్టాలు చేసేవాళ్లం. అచ్చు మీద గాజుపీచు పరిచి, జిగురులాంటి రెజిన్ పూసి, రోలర్‌తో అదిమితే కాసేపట్లో రాయిలా గట్టిపడుతుంది. ఆ కాసేపట్లో దాని మీద ఏం మర్చిపోయినా అది కూడా సరుకులో భాగమైపోతుంది. ఒకసారి ఒక కత్తెర ట్యాంకు గోడలో ఉండిపోయింది. ఆ ట్యాంకు ఎవరి మిద్దె మీదో ఇప్పటికీ ఉండి ఉంటుంది. లీకు మాత్రం ఉండదని నా నమ్మకం.

ఆ తర్వాత నేను అన్నిటినీ కట్టేశాను. కత్తెరకు తాడు, రోలర్‌కు తాడు, తూకం గరిటెకు తాడు. రిజిస్టర్‌కు పెన్ను, నీళ్ల డ్రమ్ముకు గ్లాసు. బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన సూపర్‌వైజర్‌గా భారత పరిశ్రమకు నేను చేసిన సేవ అంతే. కానీ పదేళ్లలో ఒక్క వస్తువు పోలేదు.

"రేపటి సంది మనల్ని గూడ గట్టేస్తడు సార్," అని మా లామినేషన్ మేస్త్రీ అందరి ముందూ అనేవాడు.

"నిన్ను ఎవడూ ఎత్తుకపోడు తియ్యి, నీకు తాడు దండగ," అనేవాణ్ణి.

షెడ్డంతా నవ్వేది. నా మాటలకు నవ్వు రావడం నాకు అలవాటైపోయింది. జీతంతో పాటు వచ్చే హక్కు అనుకునేవాణ్ణి.

ఉద్యోగాల్లో కొత్తగా చేరే పిల్లలు నా దగ్గరకొచ్చి అనుభవం చెప్పమంటారు. అనుభవం అంటే వాళ్ల ఉద్దేశం, నేను సరిగ్గా చేసిన పనులు. అవి ఎవరికీ పనికిరావు. సరిగ్గా చేసిన పని ఎవరు చేసినా ఒకేలా ఉంటుంది. అందుకని ఇది రాస్తున్నాను.

మేస్త్రీ గురించి ముందు చెప్పాలి. మేడ్చల్ అవతల చేపలు పట్టే ఇంటివాడు. నడక రాకముందే ఈత వచ్చిందని వాళ్లావిడ చెప్పేది. రెజిన్ ఎప్పుడు గట్టిపడుతుందో నేను డబ్బా మీద రాసింది చదివి, గడియారం చూసి చెప్పేవాణ్ణి. అతను బొటనవేలితో అంచు తాకి చెప్పేవాడు. మా ఇద్దరికీ తేడా వచ్చినప్పుడు గడియారమే తప్పేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక మధ్యాహ్నం ఒక పెద్దమనిషి పాత స్కూటర్ మీద మా యూనిట్‌కు వచ్చాడు. శామీర్‌పేట పక్క ఊరి ముస్లిం కుటుంబం. తండ్రిది వ్యవసాయం. ఈయన మాత్రం మిలిటరీలో చేరి, ఇరవై ఏళ్లకు పైగా పారాచూట్లు మడతపెట్టే పని చేసి ఇంటికొచ్చాడు. పారాచూట్ అంటే పెద్ద ఛత్రీయే, గొడుగే కదా అని ఊళ్లో పిల్లా పెద్దా ఛత్రీ సాబ్ అనేవాళ్లట. చేతిలో ఏదో విదేశీ పత్రిక కాగితం. అందులో ఒకడు సముద్రం మీద పలక ఎక్కి నిలబడి ఉన్నాడు. నడుముకు పట్టీ, పట్టీకి తాళ్లు, తాళ్ల చివర ఆకాశంలో ఒక పెద్ద పతంగి.

"పతంగి నేను కుట్టుకుంట సాబ్. గుడ్డ సంగతి నాకెరుకే. గీ పలక మీరు జేసియ్యాలె. నీళ్ల మీద మనిషి నిలవడాలె."

"మేం చేసేటివాట్ల నీళ్లు లోపల నిలవడ్తయి సాబ్. నీళ్ల మీద మనిషిని నిలవెట్టుడు ఇప్పటిదాంక చెయ్యలే," అన్నాను.

ఆయన నవ్వాడు. మేస్త్రీ నవ్వలేదు. కాగితం తీసుకొని వెలుతురు దగ్గరికి పోయి చూశాడు. "జేద్దాం సార్. మూడు పొరలేస్తె ఏనుగు నిలవడ్తది," అన్నాడు.

అలా మొదలైంది. మధ్యాహ్నం భోజనాల వేళ, మిగిలిన గాజుపీచుతో, యజమానికి చెప్పే మేస్త్రీ ఆ పలక చేశాడు. నిలువు మనిషికి కొంచెం తక్కువ పొడవు, అడుగున రెండు చిన్న రెక్కలు, పైన పాదాలు దూర్చడానికి పట్టీలు. అంచుల దగ్గర ఉప్పుకాగితంతో ఎన్నిసార్లు రుద్దాడో లెక్కలేదు. ట్యాంకులు చేసేవాడికి అందమైన వస్తువు చేసే అవకాశం జీవితంలో ఎన్నిసార్లు వస్తుంది?

ఆషాఢం గాలులు మొదలయ్యాక ఆదివారాలు శామీర్‌పేట దాటి ఒక చెరువు దగ్గరికి పోయేవాళ్లం. కట్ట మీద ముగ్గురం. ఛత్రీ సాబ్ ఎగిరేవాడు, మేస్త్రీ నీళ్లలో సాయం ఉండేవాడు, నేను వ్యాఖ్యానం చేసేవాణ్ణి. ఎవరి పని వాళ్లకు బాగా వచ్చు.

ఛత్రీ సాబ్ మొదటి కొన్ని వారాలు పలక ముట్టనే లేదు. ఒట్టి పతంగితో నీళ్లలోకి దిగి, అది లాగుతుంటే బోర్లా పడుకొని అటూ ఇటూ పోయేవాడు. ఏమిటీ తతంగం అని అడిగితే చెప్పాడు. పలక మీంచి పడినప్పుడు అది కాలి నుంచి ఊడి ఎటో పోతుంది. పతంగిని ఒక పక్కకు వంచి పట్టుకుంటే, అది మనిషిని నీళ్లలో ఈడ్చుకుంటూ పలక దగ్గరికి తీసుకెళ్తుంది. ఆ విద్య వచ్చేదాకా పలక ఎక్కకూడదు.

ఆయనకు కొంచెం కొంచెం వచ్చింది. కానీ వయసు యాభై దాటింది. పడ్డప్పుడల్లా పలక గాలికి కొట్టుకుపోయి అవతలి ఒడ్డున తుంగలో దూరేది. మేస్త్రీ ఈదుకుంటూ పోయి తెచ్చేవాడు. ఒక ఆదివారం నాలుగుసార్లు తెచ్చాడు. నాలుగోసారి కట్టెక్కి, కాళ్లకు పట్టిన జలగలు పీకేసుకుంటూ కూర్చున్నాడు. పలక అంచు మీద ఒక గీత పడింది. అతని మొహం చూసి నాకు నా కత్తెర గుర్తొచ్చింది.

"సాబ్, కాలికి ఒక తాడు, తాడుకు బోర్డు. ఇగ పోమ్మన్నా యాడికి పోతది?" అన్నాను.

ఛత్రీ సాబ్ తల అడ్డంగా ఊపాడు. "నై సాబ్. వద్దు. మా ఛత్రీల పనిల ఒక ఉసూల్, ఒక నియమం ఉండె. మనిషికి ఏది గట్టినా సరే, దాన్ని తెంపుకునేది గూడ ఆ మనిషి చేతిలనే ఉండాలె. పతంగికి ఉన్నది చూడు, గీ గుండీ లాగితె ఊడిపోతది. పలకకు ఏముంటది? పతంగి ముందుకు గుంజుతది, పలక ఎనకకు గుంజుతది. నడుమ నేను."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. జరగబోయేది మొత్తం ఆ మూడు ముక్కల్లో చెప్పేశాడు. జవాబు లేనప్పుడు నేను ఏం చేస్తానో అదే చేశాను.

"సాబ్, గీ బోర్డు గడియకోసారి అలిగి తల్లిగారింటికి పోతాంది. పోయినప్పుడల్లా మా మేస్త్రీ పెద్దమనిషి లెక్క పోయి, బతిమిలాడి తోల్కొస్తుండు. కొంగుకు ఒక ముడేస్తె, ఆయనకు గీ పంచాయితీలన్న తప్పుతయి గదా."

మేస్త్రీ జలగను చేతిలో పట్టుకొనే పడీపడీ నవ్వాడు. కట్ట మీద వలలు సర్దుకుంటున్న ఇద్దరు నవ్వారు. చివరికి ఛత్రీ సాబ్ కూడా నవ్వాడు. నవ్వినవాడు మళ్లీ మొదటికొచ్చి వాదించలేడు. ఆ సంగతి నాకు కాలేజీ రోజుల నుంచీ తెలుసు. దాని మీదే అంతవరకు బతుకు వెళ్లదీశాను.

పై ఆదివారం తాడు తీసుకెళ్లాను. మొదట మామూలు నైలాన్ తాడు. ఛత్రీ సాబ్ పడగానే పలక నీళ్లలో నిలువునా దిగబడి లంగరులా ఆగింది. పతంగి ఆయన్ను ముందుకు లాగింది. కాలు మడమ దగ్గర ఊడొచ్చినంత పనైంది. ఇక్కడ బుద్ధున్నవాడు తాడు తీసేస్తాడు. నేను తాడును మెరుగుపరిచాను.

స్కూటర్ వెనక సామాను కట్టే రబ్బరు తాడు ఉంటుంది కదా, పైన గుడ్డ అల్లిక, లోపల రబ్బరు. అది తెచ్చాను. సాగుతుంది కాబట్టి కాలికి కుదుపు ఉండదు. షెడ్డులో దూలానికి వేలాడదీసి బరువులు కట్టి పరీక్ష కూడా చేశాను. ఎంత బరువుకు ఎంత సాగుతుందో రిజిస్టర్‌లో రాశాను. సాగినది వదిలితే ఎటు పోతుందో రాయలేదు. ఆ గడి నా రిజిస్టర్‌లో లేదు.

కొత్త తాడు కట్టిన రెండోవారమే పలక ఎగిరొచ్చి ఛత్రీ సాబ్ భుజానికి తగిలింది. కమిలి నల్లబడింది. "సాబ్, గిది కుక్క లెక్క ఎంటవడ్తాంది," అన్నాడు భుజం పట్టుకొని. ఈసారి నవ్వలేదు. నేను దానికీ పరిష్కారం చూపించాను. మా యూనిట్‌లో వాడే పసుపు హెల్మెట్ ఒకటి తెచ్చిచ్చాను. అది పైనుంచి ఇటుకో బోల్టో పడితే కాపాడే టోపీ. వెనక నుంచి, పక్క నుంచి వచ్చేదానికి అది టోపీయే కాదు. ఈ తేడా మీద నేనే మా కార్మికులకు ఏడాదికోసారి ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి.

బోర్డు పారిపోవడం మానేసేసరికి మేస్త్రీకి నీళ్లలో పని లేకుండా పోయింది. రెండు వారాలు ఒడ్డున కూర్చొని చూశాడు. మూడోవారం అడిగాడు.

"సాబ్, నేను ఒక్కపారి ఎక్కుత. నేను జేసిందే గదా."

ఛత్రీ సాబ్ ఒప్పుకోలేదు. "మూడు ఐతారాలు ఒట్టి పతంగితోని నీళ్లల్ల తిరుగు. పడ్డంక బోర్డు కాడికి ఎట్ల పోవాల్నో నేర్చుకో. అప్పుడు ఎక్కు."

"బోర్డే ఆయన కాడికి వస్తది గద సాబ్, తాడున్నది," అన్నాను నేను. "ఇంక పోవుడు నేర్చుకునేదేముంది?"

ఛత్రీ సాబ్ నా వైపు చూశాడు. మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ అప్పటికే హెల్మెట్ పెట్టుకొని, పెళ్లికొడుకులా నిలబడి ఉన్నాడు. ఆయన పట్టీ తీసి మేస్త్రీ నడుముకు బిగించాడు. పతంగి ఊడదీసే గుండీ ఎక్కడుందో అతని చేయి పట్టుకొని పదిసార్లు తాకించాడు. కాలికి తాడు మాత్రం నేను కట్టాను. వంగి, మోకాలి మీద కూర్చొని, రెండు ముళ్లు వేశాను.

అతను లేచి నిలబడ్డాడు. అది చెప్పకపోతే అన్యాయమవుతుంది. ట్యాంకులు చేసే మనిషి, తను చేసిన పలక మీద, చెరువు మధ్యలో నిటారుగా నిలబడి, ఒక ముప్పై గజాలు పోయాడు. "సార్, నిలవడ్డ!" అని అరిచాడు. నేను కట్ట మీద గంతులేశాను. నాకప్పటికి నలభై ఏళ్లు దాటాయి.

తర్వాత పడ్డాడు. పడడం మామూలే. ఛత్రీ సాబ్ రోజుకు ఇరవైసార్లు పడేవాడు. పలక కాలి నుంచి ఊడి వెనక నీళ్లలో దిగబడింది. పతంగి అతన్ని ముందుకు లాక్కుపోతోంది. తాడు సాగింది. సాగింది. నేను రిజిస్టర్‌లో రాసుకున్న దానికన్నా ఎక్కువే సాగింది. అప్పుడు పలక నీళ్లు వదిలి పైకి లేచింది.

పెద్ద చప్పుడేమీ కాలేదు. కట్ట మీదికి వినిపించిందో లేదో కూడా నాకిప్పుడు గట్టిగా తెలియదు. పసుపు హెల్మెట్ ఒక్కటీ పక్కకు పోయి తేలింది. మేస్త్రీ గుండీ వైపు చేయి తీసుకెళ్లలేదు. చేయి తీసుకెళ్లే స్థితిలో లేడు. పతంగి అతన్ని అలాగే లాక్కుపోయింది. వెనకే పలక, తాడు చివర, ఎగురుతూ పడుతూ. తాడు తెగలేదు. ముడి ఊడలేదు. నేను వేసిన ముడి ఎన్నడూ ఊడలేదు.

ఛత్రీ సాబ్ నాకన్నా ముందే నీళ్లలో ఉన్నాడు. వలలవాళ్లు థర్మాకోల్ తెప్ప మీద అడ్డం పోయి, తుంగ దగ్గర పతంగి కూలాక పట్టుకున్నారు. మనిషి వెల్లకిలా ఉన్నాడు కాబట్టి ఊపిరి ఉంది. తెప్ప మీదికి లాగుదామంటే పలక అడ్డం. నేనూ ఈదుకుంటూ అక్కడికి చేరి ముడి విప్పబోయాను. తడిసి బిగుసుకుపోయింది. గోళ్లతో, పళ్లతో పీకాను. ఛత్రీ సాబ్ నా చేతులు పక్కకు నెట్టి, జేబులోంచి చిన్న చాకు తీసి ఒక్క కోత కోశాడు.

వలలవాళ్ల ట్రాలీ ఆటోలో మేడ్చల్ రోడ్డు పట్టుకొని సుచిత్ర వైపు ఒక ఆసుపత్రికి చేర్చాం. మేస్త్రీ తల నా ఒళ్లో ఉంది. తొమ్మిదో రోజు కళ్లు తెరిచాడు. ఎడమ చేయి, ఎడమ కాలు సరిగ్గా రాలేదు. మాట నెమ్మదించింది. మా యజమాని మంచివాడు, మళ్లీ పనిలోకి రమ్మన్నాడు. వచ్చాడు. రెజిన్ అంచు మీద బొటనవేలు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత నా వైపు తిరిగి, "సార్, టైమెంత అయింది?" అని అడిగాడు. అప్పుడే అక్కడున్న అందరికీ అర్థమైంది. నెల తిరగకుండా తనే మానేశాడు.

పిల్లలూ, మీలో ఎవరైనా ఎప్పుడైనా ఏ సముద్రం ఒడ్డునో ఈ ఆట ఆడితే, ఒక మాట వినండి. పలకను కాలికి కట్టకండి. అది పోతే పోనివ్వండి. దాని దగ్గరికి ఎలా పోవాలో ముందు నేర్చుకోండి, ఆ తర్వాతే ఎక్కండి. తర్వాతెప్పుడో చదివి తెలుసుకున్నాను, ఈ తాడు ప్రమాదమని బయటి దేశాలవాళ్లూ దెబ్బలు తినే నేర్చుకున్నారు. మాకు చదవాల్సిన పని కూడా లేకపోయింది. కట్ట మీద ఉచితంగా ఒకాయన చెప్పాడు.

ఆ ఛత్రీ సాబ్ నన్ను నిందిస్తే బాగుండేది. పతంగిని పారాచూట్ మడతపెట్టినట్టు మడతపెట్టి ట్రంకు పెట్టెలో పెట్టేశాడు. మళ్లీ తీయలేదు. ఒకసారి శామీర్‌పేట బస్టాండ్ దగ్గర టీ తాగుతూ ఎదురయ్యాడు. చాలాసేపు ఏవేవో మాట్లాడి, లేచేముందు అన్నాడు. "సాబ్, ఆ దినం మీరు తల్లిగారిల్లు అన్నప్పుడు నేను నవ్విన. నవ్వొద్దుండె. పెద్దోణ్ణి, తెలిసినోణ్ణి. నవ్విన." ఆ తప్పు కూడా ఆయనే మోసుకెళ్లాడు.

మేస్త్రీ ఇంట్లో మాత్రం అందరూ గాలి అనే చెప్పారు. గాలి జోరుగా వచ్చింది, పడ్డాడు, దెబ్బ తగిలింది. యూనిట్‌వాళ్లు అన్నారు, నేను కాదనలేదు. నెలకో ఆదివారం పళ్లు తీసుకొని వెళ్లేవాణ్ణి. మేస్త్రీ భార్య ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి కుదిరింది. నన్ను ‘అన్నా’ అనేది. నేను జోకులు చెప్పేవాణ్ణి. మేస్త్రీ నవ్వేవాడు, కాకపోతే కాస్త ఆలస్యంగా. అలా రెండేళ్లు.

ఒకరోజు జోకు మధ్యలో ఆపాడు.

"సార్, గా దినం నాకు యాదికి లేదు. అందరు గాలి గాలి అంటరు." మాట మాటకూ ఆగుతూ అడిగాడు. "గాలి నెత్తి ఎనక గొడ్తదా సార్?"

నా నాలుక మీదికి ఒక మాట వచ్చింది. మంచి మాటే, నవ్వేవాడు. మింగేశాను. చెప్పాను. ఛత్రీ సాబ్ వద్దన్నది, నేను నవ్వించింది, రబ్బరు తాడు, భుజానికి తగిలినా తీసేయనిది, మూడు వారాలు నేర్చుకోమంటే అక్కర్లేదన్నది, ముడి వేసింది. అన్నీ వరసగా చెప్పాను. చెబుతున్నంతసేపూ అతను తన కుడి చేత్తో ఎడమ చేతి వేళ్లు ఒక్కొక్కటే సాపు చేసుకుంటున్నాడు.

చిటికెన వేలు దాకా వచ్చాక అడిగాడు. "బోర్డు పలిగిందా సార్?"

"లేదు."

"పర్రె గూడ వడలే?"

"లేదు. అట్లనే ఉన్నది."

"మూడు పొరలేసిన గద," అన్నాడు. మొహంలో నవ్వగలిగిన సగం నవ్వింది.

వెనక చప్పుడు కాలేదు గానీ తలుపు దగ్గర అతని భార్య ఉందని తెలిసింది. చేతిలో రెండు గ్లాసులు. ఎప్పటినుంచి నిలబడిందో తెలియదు. ఒక గ్లాసు మొగుడి కుడి చేతి పక్కన పెట్టింది. రెండోది నా చేతికిచ్చింది.

"చాయ తాగి పోన్రి సార్," అంది. అన్నా అనలేదు. "ఇగ మా ఇంటికి రాకున్రి."

గొంతులో కోపం ఏమీ లేదు. కంపెనీలో సరుకు లెక్క చెప్పినట్టు చెప్పింది. టీ బాగా వేడిగా ఉంది. ఊదుకుంటూ, చివరిదాకా తాగాను. గ్లాసు కడిగి గూట్లో పెట్టనా అని అడగబోయి, ఊరుకున్నాను.

మేస్త్రీ ఆ తర్వాత ఇంకో మూడేళ్లు బతికాడు. నేను వెళ్లలేదు.